తువ్వాలు కింద బేరం

మెట్ట సేద్యం చేసేవారికి వాన పడిన తరువాత మూడు నాలుగు రోజులే లెక్క. ఆ పదునులో గొర్రు తోలకపోతే కంది విత్తనం సంచిలోనే ఉండిపోతుంది. మా పడమటి ప్రకాశం పల్లెల్లో అందరికీ ఒకే వాన, అందరికీ ఒకే పదును. బాడుగ ట్రాక్టర్లు మాత్రం ఊరికి నాలుగైదు. వరుసగా రెండేళ్లు మా వంతు వచ్చేసరికి నేల ఆరిపోయింది. అందుచేత ఒక రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక నాన్నగారు, అన్నదమ్ములం, ఇంట్లో ఆడవాళ్లు అందరం కూర్చుని సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు ఒకటి కొందామని నిర్ణయించుకున్నాము. కొత్తది మా తాహతుకు మించిన మాట. ప్రత్తి అమ్మిన డబ్బు కొంత ఉంది. పెద్ద వదిన తన గొలుసు తీసి బ్యాంకులో పెట్టమని ఇచ్చింది. అంతా కలిపి మూడు లక్షల ఇరవై వేలు. అందులో పోతే పోనీ అనుకోదగిన రూపాయి ఒక్కటి కూడా లేదు.

మొదటి బ్రోకరును మార్కాపురంలో ఒక టీ బంకు దగ్గర కలిశాము. ఆయన బండి సంగతి చెప్పకముందే మా దగ్గర ఎంత ఉన్నదో మాటల్లో లాగాడు. ఆ తరువాత ఆయన చూపించిన ప్రతి బండి వెలా, చిత్రంగా, మూడు లక్షల ఇరవై వేలే అయింది! పాతదైనా అంతే, మరీ పాతదైనా అంతే.

"యజమాని ఎవరన్నా?" అని అడిగితే "మన మనిషే" అన్నాడు. ఏ ఊరంటే "దగ్గరే" అన్నాడు. ఎందుకు అమ్ముతున్నాడంటే "డబ్బు అవసరం" అన్నాడు. ఆర్.సి. పుస్తకం చూపించమంటే "ముందు బేరం కుదరనీయండి పెద్దాయనా, పుస్తకం ఎక్కడికి పోతుంది?" అని నాన్నగారి భుజం మీద చేయి వేశాడు. మూడు వారాలు తిరిగాము. ఫోను చేస్తే ఎత్తడు, ఎత్తితే రేపంటాడు.

రెండవ ఆయన గిద్దలూరు వైపు మనిషి. ఈయన చురుకు. వెళ్లిన రోజే బండి చూపించాడు. కొత్త రంగు, మెరిసే బానెట్టు, తాళం తిప్పగానే స్టార్టయింది. అయితే నాన్నగారు బానెట్టు మీద అరచేయి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది. మేము రాకముందే ఇంజను వేడి చేసి ఉంచారన్నమాట. పాత బండిని చల్లగా ఉండగానే స్టార్టు చేయించి చూడాలి, అప్పుడు వచ్చే పొగ నిజం చెబుతుంది. నీలి పొగ విడవకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతున్నట్టే. వెనుక లిఫ్టుకు గొర్రు తగిలించి పైకెత్తి, ఇంజను ఆపి చూడాలి. గొర్రు కాసేపటికే కిందికి జారిపోతే హైడ్రాలిక్ పనిచేయించక తప్పదు. గంటల మీటరును మాత్రం నమ్మనక్కర లేదు, దాని తీగ ఊడదీయడం పెద్ద విద్య కాదు.

ఇవన్నీ పోనీ, మరమ్మతు చేయించుకోవచ్చు. కాగితాలకు మరమ్మతు లేదు. ఆ బండి పుస్తకంలో ఉన్న పేరు వేరు, అమ్ముతున్న మనిషి వేరు. నడుమ ఇంకొకరు కొని అమ్మారట. పైగా పుస్తకంలో ఫైనాన్సు కంపెనీ పేరు అట్లాగే ఉంది. "ఫారం 29, 30 మీద సంతకాలు ఉన్నాయి, మీ ఇష్టం వచ్చినప్పుడు మార్పించుకోండి" అని ఖాళీ కాగితాలు చేతిలో పెట్టాడు. మేము వాటిని తిరిగి ఇచ్చేశాము.

పాఠకులు ఈ సంగతి గమనించాలని కోరుతున్నాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఒకే రాష్ట్రంలో బండి చేతులు మారితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. ఫైనాన్సు బాకీ ఉంటే అది తీరినట్టు కంపెనీవారి ఎన్.ఓ.సి., ఫారం 35 కూడా ఉండాలి. పేరు మారని బండి చేతులు మారుతూ పోయి ప్రమాదం జరిగితే, పుస్తకంలో పేరున్నవాడే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసి నిశ్చింతగా ఉన్నవాని ఇంటికి నోటీసు వస్తుంది! కొన్నవానికి మాత్రం లాభమేమిటి? బండి దెబ్బతింటే ఇన్సూరెన్సు వారు "నీ పేరేది?" అంటారు. పాత బండ్లు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుండి నియమం వచ్చింది. కాని టీ బంకు దగ్గర నిలబడే మనిషికి షాపు లేదు, బోర్డు లేదు, నోటి మాటే ఆయన రసీదు.

బ్రోకర్లందరూ దుర్మార్గులని మా ఉద్దేశం కాదు. కంభం పక్కన ఏ పల్లెలో ఎవరి బండి అమ్మకానికి ఉందో వారు చెప్పకపోతే మనకెట్లా తెలుస్తుంది? వారి కష్టం వారిది. పది బేరాలకు తిరిగితే ఒకటి కుదురుతుంది, పెట్రోలు వారిదే. అయితే ఆ ఒక్కటి కుదిరితేనే కూలి, కుదరకపోతే సున్న. అందువల్ల బండిలో లోపం చెప్పడం వారికి నష్టం. కొనేవాడూ అమ్మేవాడూ ఒకచోట కూర్చోవడం ఇంకా నష్టం. ఇద్దరూ కలిస్తే నడిమివాని పని ఏముంది? నాన్నగారు కోడెలు కొన్న రోజుల్లో సంతలో దళారి తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి ధర చెప్పేవాడట. అమ్మేవాని చేతిలో ఒక లెక్క, కొనేవాని చేతిలో ఒక లెక్క, నడుమ తేడా ఎవరిదో తువ్వాలుకే తెలుసు.

అబ్రాహాము శారా సమాధి కొరకు మక్పేలా గుహను కొన్న సంగతి మనకు తెలుసు. ఆయన కూడా ఎఫ్రోనుతో మాట్లాడమని హేతు కుమారులనే అడిగాడు, అంటే మధ్యవర్తులు అప్పుడూ ఉన్నారు. కాని ఆ బేరం ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా జరిగింది. నాలుగు వందల తులాల వెండి అందరి ఎదుట తూచబడింది. తువ్వాలు లేదు. మధ్యవర్తి ఉండటం వేరు, మరుగు ఉండటం వేరు.

చివరకు మాకు దారి చూపినవాడు కంభంలో ఒక ట్రాక్టరు మెకానిక్. తాను రిపేరు చేసే బండి ఒకటి అమ్మకానికి ఉందని ఊరు, పేరు చెప్పాడు. యజమాని ఇంటికే వెళ్లాము. ఆయన మంచినీళ్లు ఇచ్చి, మేము అడగకముందే పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టాడు. "క్లచ్ ప్లేట్లు పోయాయి, ఎడమ వెనుక టైరు ఒక ఏడాదికి మించి రాదు" అన్నాడు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంతో సరిచూసుకున్నాము. పుస్తకంలో ఆయన పేరే ఉంది, ఫైనాన్సు లేదు. రెండు లక్షల తొంభై వేలకు కుదిరింది. మిగిలినది క్లచ్‌కు, పేరు మార్పు ఖర్చులకు ఉంచుకున్నాము. సంతకాలకు ఆయనే మాతోకూడ వచ్చాడు.

బండి ఇంటికి వచ్చిన నాలుగో రోజున మార్కాపురం బ్రోకరు దిగాడు. "ఆ ఊళ్లో బండ్లు ఉంటాయని మొదట చెప్పింది నేనే, నా కమీషను?" అన్నాడు. చెప్పిన మాట నిజమే, పది ఊళ్ల పేర్లలో అదొకటి. మా అన్నదమ్ములలో ఇద్దరికి కోపం వచ్చింది. మూడు వారాలు తిప్పినందుకు మనకే ఇవ్వాలన్నారు. నాన్నగారు వారిని ఊరకుండమని ఆయనకు అన్నం పెట్టించారు. తరువాత అయిదు వందలు చేతిలో పెట్టి, "ఇది నీ పెట్రోలుకు, కమీషను కాదు. మాకు ట్రాలీ ఒకటి కావాలి. ఎక్కడన్నా ఉందా?" అని అడిగారు.

ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకుని కాసేపు తల గోక్కున్నాడు. తరువాత యజమాని పేరు, ఊరు, ఇల్లు ఏ వీధిలో ఉన్నదీ, పుస్తకం ఎవరి పేరున ఉన్నదీ ఒక్క గుక్కలో చెప్పాడు.