సమాధుల తోటలో మారథాన్ సాధన

శ్మశానంలో పరుగేంటని ముక్కున వేలేసుకోకండి! కెనడాలో టొరంటోకు పడమరన ఉన్న మిల్టన్ పట్టణంలో, ఎవర్‌గ్రీన్ సమాధుల తోటే ఎడ్ విట్‌లాక్ సాధన చేసిన చోటు. వాహనాల రద్దీ ఉండదు. ఒక చుట్టు సుమారు అర కిలోమీటరు. ఇల్లు దగ్గరే కాబట్టి నొప్పి మొదలైతే ఆపేసి నడిచి వెళ్లిపోవచ్చు.

ఆయన చుట్లు లెక్కపెట్టేవారు కాదు, గడియారమే చూసేవారు. మూడేసి గంటల పరుగు... అదీ నెమ్మదిగా! పొట్టి అడుగులు, నేలను రాసుకుంటున్నట్టు సాగే పాదాలు. మోకాళ్ల నొప్పులున్న మనిషి మరి. మోకాలు మొరాయిస్తే పూర్తిగా విశ్రాంతి. తగ్గాక కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకునేవారు. వేగమంతా పోటీలకే దాచుకునేవారు.

ఫలితం? 2003లో, 72 ఏళ్ల వయసులో 42.2 కిలోమీటర్ల మారథాన్‌ని 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో ముగించారు. డెబ్బై దాటాక మూడు గంటల్లోపు పూర్తిచేసిన తొలి వ్యక్తి ఆయనే. మరుసటి ఏడాది 2:54:48కి తగ్గించారు. 2016 అక్టోబరులో, 85 ఏళ్లకి 3:56:34. ఆ తర్వాత అయిదు నెలలకే కన్నుమూశారు.

విచిత్రమేంటంటే, తోటలో ఆ చుట్లంటే ఆయనకేమీ సరదా లేదు. పోటీలూ రికార్డులే ఇష్టం. అయినా విసుగును భరిస్తూ తిరిగారు. పెద్ద వయసులో పరుగుకు కాళ్ల బలంతోపాటు కావాల్సింది ఆ ఓపికే!