నొప్పి తక్కువైతే నడుస్త సార్

శంషాబాద్‌లో నా దగ్గరికి మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనేది ఒకటే మాట: “నొప్పి తక్కువైతే నడుస్త సార్. ముందుగాల గట్టి గోలీ రాయుండ్రి.” ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గోలీతో నొప్పి అణిగాక లేచి నడిచినవాళ్లు అరుదు. మళ్లీ నొప్పి లేచేదాకా కూర్చుని, ఇంకో గోలీకి వచ్చేవాళ్లే ఎక్కువ.

పాల్మాకుల వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కొంగుముడి విప్పి కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది. అందులో పేరూ ఊరూ లేని నాలుగు మాత్రలు: రెండు తెల్లవి, ఒకటి పసుపుపచ్చది, ఒకటి చిన్న గులాబీ రంగుది. “మా ఊరి డాక్టర్ ఇస్తడు. ఏసుకున్న గంటకు లేచి తిరుగుత” అంది. ఉబ్బిన బుగ్గలు, పలచబడిన చర్మం, చేతుల మీద కమిలిన మచ్చలు చూస్తే సంగతి అర్థమైంది. అందులో స్టెరాయిడ్ ఉంది. అది నొప్పిని నొక్కేస్తుంది. ఆకలి పెంచుతుంది, షుగర్ తెస్తుంది, ఎముకను గుల్లచేస్తుంది. ఏ బరువుకు మోకాలు అరుగుతోందో ఆ బరువునే ఇంకా పెంచుతుంది. అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి.

అంతకన్నా పెద్ద దెబ్బ రక్తపరీక్షలో బయటపడింది. ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీలతో కిడ్నీలు పాడవుతూ వచ్చాయి. మోకాళ్ల ఆపరేషన్ చేయిద్దామని కొడుకు అప్పు తెచ్చుకుని వచ్చాడు. ఈ కిడ్నీలతో ఇప్పుడే వద్దని ఆ పిల్లవాడికి చెప్పాల్సి వచ్చింది. పొట్లం కట్టినవాడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పెద్దమ్మ మీద మాత్రం కోపం రాలేదు. ఆమె లాంటివాళ్ల బతుకు మారిన తీరు నాకు తెలుసు. విమానాశ్రయానికి ఇక్కడ సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. 2008 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. చేలో పొద్దంతా వంగి పనిచేసిన మనుషులు ఇంటిపట్టున కూర్చున్నారు. పొలం పోయింది, ఒంటికి పని పోయింది, కంచంలో అన్నం మాత్రం అంతే ఉంది. దాంతో బరువు పెరిగింది.

మోకాలి లెక్క తెలిస్తే ఎవరైనా ఆశపడతారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పారు. ఐదు కిలోలు తగ్గితే అడుగడుగునా ఇరవై కిలోలు దించినట్టే. పైగా కొవ్వు ఊరికే పడి ఉండదు, వాపు పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. అందుకే లావైనవాళ్లకు బరువు మోయని వేళ్ల కీళ్లూ నొస్తాయి.

నిద్రను చెడగొట్టేదీ ఈ బరువే. అర్ధరాత్రి విమానాల కోసం పార్కింగ్‌లో కాచుకునే ఒక క్యాబ్ డ్రైవర్ నడుము నొప్పని వచ్చాడు. పక్కనున్న భార్య అసలు మాట చెప్పింది: “గురక పెడుతు పెడుతు ఊపిరి ఆగిపోతది సార్. నాకు భయమైతది, తట్టి లేపుత.” మెడలో, నాలుకలో చేరిన కొవ్వు నిద్రలో గొంతును మూసేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి మనిషి ఉలిక్కిపడతాడు, రాత్రంతా ఇదే వరస. నిద్ర చాలనివాడికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఆకలీ ఎక్కువే. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని కునుకు తీస్తే పోయేది అతనొక్కడే కాదు. పది శాతం బరువు తగ్గితే ఈ ఊపిరి ఆగడాలు సుమారు 26 శాతం తగ్గుతాయని 2000లో వచ్చిన విస్కాన్సిన్ అధ్యయనం అంచనా వేసింది.

ఆ డ్రైవర్‌కు నిద్ర పరీక్ష చేయించి, ముక్కుకు గాలి మిషన్ పెట్టించాం. డ్యూటీ మధ్యలో బిర్యానీ మాన్పించాం, చక్కెర చాయ్ తగ్గించాం. పెద్దమ్మకు అన్నం సగం చేసి కూర పెంచమన్నాం. కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించడం నేర్పాం. నొప్పి ఉన్నా ఓర్చుకోగలిగినంత, రోజూ పది నిమిషాల నడక. మోకాలి చుట్టూ కండ గట్టిపడితేనే నొప్పి దిగుతుంది. నడక ముందు, నొప్పి తగ్గడం తర్వాత.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దేశానికీ వచ్చాయి. మోకాలి నొప్పికీ, ఈ నిద్ర జబ్బుకూ మేలు చేస్తున్నట్టు పెద్ద పరీక్షల్లో తేలింది. తగినవాళ్లకు రాస్తాను. తిండి మార్చుకోకుండా పొడిపించుకుని మధ్యలో ఆపేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగొస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఒకరిని బరువు తగ్గమని చెప్పి మిగతావాళ్లు బగారన్నం ముందు కూర్చుంటే ఆ మనిషి గెలవలేదు. ఇంటిల్లిపాదీ కంచం మార్చుకోవాలి. అమ్మ ఆపరేషన్‌కు లక్షలు అప్పు తేవడానికి సిద్ధపడే బిడ్డలారా, సాయంత్రం పది నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకుని నడిపించండి. కిడ్నీలు బాగున్నప్పుడే, మోకాలు ఇంకా మిగిలి ఉన్నప్పుడే మొదలుపెట్టండి.