ఇన్నోవాలో ఆరో సీటు

మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, పిల్లలిద్దర్నీ తీసుకుని డిసెంబర్లో లండన్ నుంచి వస్తున్నామని ఫోన్ చేసిన రోజు రాత్రే నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. హైదరాబాదులో వాళ్ళ అత్తగారింట్లో వారం, మధ్యలో ఒక పెళ్ళి, అన్నీ పోగా మా గుంటూరుకి మిగిలింది నాలుగు రోజులు. బుధవారం రాత్రి రైలు దిగి ఆదివారం రాత్రి రైలెక్కుతారు. అన్నయ్యగారు హైదరాబాదులోనే వాళ్ళ అమ్మా నాన్నల దగ్గర ఉండిపోతారట.

విదేశాల నుంచి చుట్టాలొస్తున్నారంటే మనకి ఎక్కడ లేని కంగారూ పుట్టుకొస్తుంది కదా. ఇల్లు చిన్నది, బాత్రూమ్ గోడకి చెమ్మ, మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చెయ్యాలి. నిజం చెప్పాలంటే వాళ్ళని ఎంతసేపు బయట తిప్పితే ఇంటి లోపాలు అంత తక్కువ కనపడతాయన్నది నా లోపలి లెక్క. అందుకే కాగితం నిండా రాసేశాను. ఉండవల్లి గుహలు, మంగళగిరి, అమరావతి, కొండవీడు కోట, కోటప్పకొండ, సూర్యలంక బీచ్, ఉప్పలపాడు పక్షులు, మిర్చి యార్డు. పిల్లాడికి పదకొండేళ్ళు, వాడికి కోట. పిల్లకి పదిహేను, దానికి బీచ్. వదినకి మంగళగిరి చీరలు. ఎనిమిది చోట్లు, నాలుగు రోజులు. పూటకొకటి అనుకుంటే సరిగ్గా సరిపోయిందని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆ కాగితం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి డెబ్బయి ఎనిమిది. మోకాళ్ళు అరిగిపోయాయి, షుగరుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం విన్నారు. విని, "బానే ఉందమ్మా. మరి ఇంట్లో ఎప్పుడుంటారూ?" అన్నారు.

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు. నాకు మాత్రం ఏడేళ్ళ కిందటి డిసెంబర్ గుర్తొచ్చి కాగితం మడిచేశాను.

అప్పుడు కూడా ప్లాను నాదే. వదినా వాళ్ళు నలుగురు, మేం ముగ్గురం. ఒకే రోజులో విజయవాడ అమ్మవారు, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, అక్కడి ధ్యానబుద్ధుడు. అన్నీ ఒక్క ఇన్నోవాలో. డ్రైవరు కాక ఏడుగురం, నాలుగేళ్ళ మేనల్లుడు ఒళ్ళో. మామయ్య ఆ ముందురోజు సాయంత్రం, "నేనూ రానామ్మా? అమరావతి చూసి చాలా రోజులైంది" అన్నారు. "సీటు లేదు మామయ్యా, మీకు కష్టం" అన్నాను. అది నిజమే, సీటు లేదు. తెల్లారుజామున మేం బయల్దేరుతుంటే అత్తయ్య పులిహోర కట్టిచ్చారు. రాత్రి పదింటికి తిరిగొచ్చేసరికి ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. అన్నం, కూరలు మూతలు పెట్టి ఉన్నాయి. ఇద్దరూ తినలేదు. "ఏం చూశారమ్మా?" అని మామయ్య వదిన్ని అడిగితే, "నిద్ర ముంచుకొస్తోంది నాన్నా, రేపు చెప్తా" అంది. ఆ రేపు పొద్దున్నే వాళ్ళకి రైలు.

2021 మేలో, రెండో వేవ్‌లో మామయ్య పోయారు. బ్రిటన్ వాళ్ళు మన దేశాన్ని రెడ్ లిస్టులో పెట్టిన రోజులవి. వదిన రాలేకపోయింది. ఫోన్లో చూసింది. ఆ తర్వాత ఒకసారి నాకు మెసేజ్ పెట్టింది. ఆ ట్రిప్పు ఫొటోలు మూడొందల చిల్లర ఉన్నాయట, వాటిలో నాన్న ఉన్నవి రెండే, ఒకదాంట్లో కళ్ళు మూసుకున్నారు, నీ దగ్గర ఇంకేమైనా ఉన్నాయా అని. నా దగ్గర లేవు. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, ఇప్పటికీ అనలేదు. కానీ ఆ "సీటు లేదు" అన్న మాట నోట్లోంచి వచ్చింది నాకే కదా.

అందుకని ఈసారి కాగితం తిరగేసి కొత్తగా మొదలుపెట్టాను. పైన ఊళ్ళ పేర్లు రాయలేదు. అత్తయ్య ఎంతసేపు కారులో కూర్చోగలరు? గంట, గట్టిగా గంటంబావు. మెట్లు ఎక్కలేరు. ఎనిమిదింటికి మాత్ర, ఒంటిగంటకి అన్నం పడాలి. రెండు గంటలకోసారి బాత్రూమ్ కావాలి. ఈ చివరిది మగవాళ్ళెవరూ ప్లానులో రాయరు. మనకి మాత్రం దారంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మంచి బాత్రూమ్ ఉన్న హోటలు ఎక్కడుందో, పెట్రోలు బంకుల్లో ఎక్కడ తాళం వేసుండదో ముందే మా ఆయన్ని బైకు మీద పంపించి చూసి రమ్మన్నాను. నవ్వుతూ వెళ్ళి వచ్చి, లిస్టు చెప్పారు పాపం. కారులో డ్రైవరు కాక ఆరుగురు. వదిన, ఇద్దరు పిల్లలు, మా ఆయన, నేను, ఆరో సీటు అత్తయ్యది. మా అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వాడుంటే వాడినే వదిలేసేదాన్ని.

ఇలా చూస్తే ఎనిమిది చోట్లలో సగం వాటంతట అవే రాలిపోయాయి. కొండవీడుకి ఘాట్ రోడ్డుంది గానీ పైకెళ్ళాక నడక తప్పదు. కోటప్పకొండ దూరం. మంగళగిరిలో పానకాలస్వామి కొండమీద గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, పొద్దున్నే పరుగులు పెట్టాలి. చీరలంటారా, గుంటూరు కొట్లలోనే దొరుకుతాయి. ఉండవల్లి తీసేసేటప్పుడు మాత్రం నాకు బాధేసింది. కొండని తొలిచి నాలుగంతస్తులుగా చేసిన గుహలు, పైన అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు, ఒకే రాయి. మా మేనల్లుడు యూట్యూబ్‌లో చూసి అదొక్కటీ కావాలని అడిగాడు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తయ్యని కింద పచ్చికలో కూర్చోబెట్టి మేం పైకెళ్ళొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నాకు మనసొప్పలేదు. వాడికి ఆ కోపం ఇంకా ఉంది, మొన్న ఫోన్లో కూడా గుర్తుచేశాడు.

గురువారం అమరావతి. మ్యూజియం శుక్రవారం ఉండదు, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఓసీఐ కార్డు కూడా వెంట పెట్టుకుంటే మంచిది, టికెట్టు దగ్గర మనవాళ్ళ ధరే తీసుకుంటారు. గుంటూరు నుంచి ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే. అమరేశ్వరుడి గుడి పంచారామాల్లో ఒకటని మీకు తెలిసిందే. అత్తయ్య అక్కడ ఎన్ని కార్తీకాలు కృష్ణలో మునిగారో లెక్కలేదు. ఈసారి కిందనించే దణ్ణం పెట్టుకున్నారు. మ్యూజియం మాత్రం చదునుగా ఉంటుంది, నెమ్మదిగా మా మేనకోడలి చెయ్యి పట్టుకుని అంతా తిరిగారు.

స్తూపం నుంచి తీసిన సున్నపురాతి పలకల దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. "అత్తా, ఇలాంటివి నేను చూశాను. బ్రిటిష్ మ్యూజియంలో. స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళారు. అక్కడ కూడా అమరావతి అని రాసుంది. నేను వేరే అమరావతి అనుకున్నా" అంది.

వేరే అమరావతి కాదమ్మా, అమ్మమ్మ ఊరి పక్క అమరావతే అని నాకు తెలిసినంత చెప్పాను. కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. అప్పటికే ఇక్కడి రాళ్ళని ఇళ్ళు కట్టుకోడానికి పట్టుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసు పంపించాడు. వాటిలో కొన్ని 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. మిగిలినవి ఎక్కువ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మా దగ్గర మిగిలింది కొద్దే. బీఏలో చదివిన తెలుగు ఎప్పుడు పనికొస్తుందా అనుకుంటాను గానీ ఇది పుస్తకంలోది కాదు, మామయ్య చెప్పింది. ఏ చుట్టం వచ్చినా చెప్పేవారు.

అత్తయ్య పలక వంక చూస్తూ, "అంత దూరం తీసుకెళ్ళారా? అక్కడ బాగా చూసుకుంటున్నారా?" అని మనవరాల్ని అడిగారు.

"బాగా చూసుకుంటున్నారు అమ్మమ్మా. అద్దాల గదిలో పెట్టారు. వేడి, చలి తగలకుండా."

"సరే అయితే" అన్నారు. వదిన పక్క గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి నేను వెళితే కళ్ళు తుడుచుకుంటోంది. నేనేం అడగలేదు.

శుక్రవారం పొద్దున మిర్చి యార్డు. అది పిల్లలిద్దరికీ, మా ఆయనకీ వదిలేశాను. శని, ఆదివారాలు యార్డుకి సెలవు, అందుకే శుక్రవారం. ఆసియాలో అంత పెద్ద ఎండుమిర్చి మార్కెట్టు ఇంకోటి లేదంటారు. డిసెంబర్లో కొత్త కాయ ఇంకా సరిగ్గా రాదు, ఎక్కువ కోల్డ్ స్టోరేజీల్లోంచి వచ్చిన ఏసీ సరుకే. అయినా టిక్కీలు కొండల్లా ఉంటాయి. గేటు దగ్గరే దగ్గు మొదలై, లోపల ముక్కుకి రుమాలు కట్టుకుని పది నిమిషాలు తిరిగి, కళ్ళు ఎర్రగా చేసుకుని, తేజ, సన్నం పేర్లు నేర్చుకుని వచ్చారు. చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకోవద్దని చెప్పినా పిల్లాడు నలుపుకున్నాడు. ఆ గోల ఒక గంట. ఆ గంటా అత్తయ్యకి, వదినకి వరండా దొరికింది. నేను కాఫీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేశాను.

సాయంత్రం ఉప్పలపాడు. మా ఇంటికి అరగంట కూడా లేదు. చెరువు గట్టు దాకా కారు వెళుతుంది, మెట్ల బాధ లేదు. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి ఉంటాయి. పొద్దు గూకే వేళకి మేతకెళ్ళినవన్నీ తిరిగొస్తాయి. రెట్టల వాసన ఉంటుందని ముందే చెప్తున్నాను, రుమాలు పట్టుకెళ్ళండి. అత్తయ్యకి ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ఉండవల్లి అని అలిగిన మా మేనల్లుడు గంటసేపు కదల్లేదు. ఊరివాళ్ళు ఆ పక్షుల్ని కాపాడుకుంటున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

శనివారం మా ఊరు. చిలకలూరిపేట దాటి లోపలికి వెళ్ళాలి. ఇది నా లిస్టులో లేదు, వదిన అడిగింది. ఊళ్ళో ఇల్లు మామయ్య పోయాక అమ్మేశాం, పొలం కౌలుకిచ్చాం. ఏముందని చూస్తావు వదినా అన్నాను గానీ తీసుకెళ్ళాం. ఆ చలికి నల్లరేగడి ఇంకా మెత్తగానే ఉంది. సగం పత్తి, సగం మిరప. మిరప కాయ చెట్టు మీద అక్కడక్కడా ఎర్రబడుతోంది. ఫిబ్రవరి, మార్చిలో వస్తే కల్లాల నిండా ఎర్రగా పరిచి ఉంటుంది, కానీ ఈ పిల్లల బళ్ళకి అప్పుడు ఇన్ని రోజుల సెలవులుండవు. పత్తి తీస్తున్న ఆడవాళ్ళతో కలిసి మా మేనకోడలు కూడా నాలుగు కాయలు ఒలిచింది. పగిలిన కాయ అంచులు ఎండితే సూదుల్లా ఉంటాయి, రెండు వేళ్ళు గీసుకుపోయాయి. "కిలోల లెక్కన కూలి" అని వాళ్ళు చెబితే వేళ్ళ వంక, దూది వంక చూసుకుని ఊరుకుంది.

అత్తయ్య కారు తలుపు తీసుకుని సీట్లో కూర్చునే, "ఆ గట్టు మీ నాన్నే వేయించారు. నిన్ను ఎంసీయేలో చేర్చిన ఏడు ఇక్కడంతా మిరపే. రేటు ఎలా ఉంటుందోనని రాత్రిళ్ళు నిద్రపోలేదు" అన్నారు. వదిన ఆ మాట అంతకుముందు వినలేదట. ఫీజు కట్టేశాను అని మాత్రమే చెప్పారట ఆయన. ఆ గట్టు మీద కాసేపు కూర్చుంది. తెల్లటి పంజాబీ డ్రెస్సు, నల్లమట్టి. లేవమని ఎవరం అనలేదు.

ఆదివారం ఎక్కడికీ వెళ్ళలేదు. కరెంటు పోయింది, బాత్రూమ్ చెమ్మ వాళ్ళు చూశారు, ఏమీ కాలేదు. తల్లీకూతుళ్ళు వరండాలో చాప వేసుకుని కారానికి మిరపకాయల ముచ్చికలు తీశారు. కారం దంపించి, గోంగూర పచ్చడి పట్టి, మూడు కవర్లు చుట్టి సూట్‌కేసులో సర్దాం. వదిన ఆ నాలుగు రోజుల్లో ఎన్ని ఫొటోలు తీసిందో నాకు తెలీదు. కానీ అత్తయ్య ముచ్చికలు తీస్తున్నది తీస్తుంటే "అవతలికి పొమ్మను దీన్ని, జుట్టు కూడా దువ్వుకోలేదు" అని అరవడం వంటింట్లోకి వినిపించింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు బల్ల మీద నా పాత కాగితం కనపడితే చింపబోయాను. అత్తయ్య ఇటివ్వమన్నారు. కళ్ళజోడు పెట్టుకుని కొట్టేసినవీ, మిగిలినవీ వేలితో లెక్కపెట్టారు. కొండవీడు, కోటప్పకొండ, ఉండవల్లి, సూర్యలంక, మంగళగిరి. నాలుగు మడతలు పెట్టి మందుల డబ్బాలో, షుగరు మాత్రల కింద పెట్టుకున్నారు. ఇంకా అక్కడే ఉంది.