ఉగాది కుండ

మా షోలాపూర్‌ల ఉగాది, గుడి పాడ్వా ఒక్క దినమే. పక్కింటి మరాఠీ వాళ్లు గుడి నిలబెట్టి, లేత వేపాకు బెల్లంతో తింటరు. కన్నడ బళ్లో చదివిన మా దోస్తుల ఇండ్లల్లో బేవు-బెల్ల అని చిటికెడు చేతిలో పెడుతుండిరి. మా ఇంట్లో మాత్రం ఉగాది పచ్చడి తినేది కాదు, తాగేది. మగ్గం పని కోసం కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మా పెద్దలు ఈ అలవాటును వెంట తెచ్చుకున్నరు. కొత్త కుండ, చింతపండు పులుసు, ఇంటికి వచ్చినోళ్లందరికీ ఒక్కో గ్లాసు.

పోయిన ఉగాదికి కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకున్నం. సాయంత్రం మేడ మీద కాక్‌టెయిల్ చేద్దామని అన్నదమ్ములం ముగ్గురం అనుకున్నం. పుణెలో ఆఫీసు పార్టీల్లో నేర్చుకున్న విద్య అది. రమ్ము, సోడా, పుదీనా, నిమ్మకాయలు బ్యాగులో తెచ్చినం. ఇంట్లో ఎవరికీ చెప్పలే.

మా కాక పవర్‌లూమ్ మీద పని చేసేటోడు. ఒకప్పుడు వారం పగారు ఇంటికి సగమే చేరుతుండె. తాగుడు మాని తొమ్మిదేండ్లయింది. అప్పటి నుంచి పెండ్లికి పోయినా, పేర్ల పండుగకు పోయినా, ఎవరన్న గ్లాసు ఇస్తే మొదట ముక్కు దగ్గర పెట్టుకుంటడు. నిమ్మ షర్బత్తయినా సరే, "ఏం కలిపిన్రు?" అని అడుగుతడు. చూసేటోళ్లు నవ్వుతరు. మేము కూడా నవ్వినోళ్లమే.

ఆ పొద్దున అవ్వ కుండలోంచి ముంచి ఇచ్చింది. కాక వాసన చూడలే, అడగలే. గటగటా తాగి "ఇంకో గ్లాసు పొయ్యి అమ్మా" అన్నడు. ఇన్నేండ్లు ఇది మా కంట్ల పడలేదు. కాక అనుమానం లేకుండ తాగేది ఈ ఒక్క కుండలోంచే. మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఆ బ్యాగు అట్లనే పుణెకు వాపసు పోయింది. మేము తాగనోళ్లమని గొప్ప చెప్పుకోవడానికి ఈ మాట రాస్తలేం.

తాగుడు గొడవ మా ఊరికి కొత్త కాదు. 1930 మేలో గాంధీజీ అరెస్టయినంక జనం రూపాభవానీ గుడి దిక్కున సేంది చెట్లు నరకడానికి పోయిన్రు. పోలీసులు కాల్పులు జరిపిన్రు, ఊర్ల మార్షల్ లా పెట్టిన్రు. 1931 జనవరి 12న షోలాపూర్ వాళ్లు నలుగురిని ఎరవాడ జైల్లో ఉరి తీసిన్రు. సర్కారు ఆమ్దానీ కల్లు మీద, సారా మీద ఎంత ఆధారపడి ఉండేదో అప్పటి జనానికి తెలుసు.

ఇక కాక్‌టెయిల్ సంగతి. 1806లో అమెరికాలోని హడ్సన్ అనే ఊరి పత్రిక ఒకటి దానికి అర్థం చెప్పింది: మద్యం, చక్కెర, నీళ్లు, చేదు. మద్యం తీసేస్తే మిగిలిన మూడూ అవ్వ కుండలో ఉన్నయి. చేదుకు వేపపువ్వు, తీపికి బెల్లం. పైనుంచి పులుపు, వగరు, ఉప్పు, కారం.

అవ్వ కొలతలు చెప్పదు, "నాలుకను అడుగు" అంటది. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేటోళ్లం కాబట్టి మూడుసార్లు చేసి, రుచి చూసి, కన్నడ అక్షరాల్లో రాసుకున్నం. తెలుగు రాత పెద్దయినంకనే నేర్చుకున్నం. పది గ్లాసులకు మా లెక్క ఇది:

రెండు లీటర్ల నీళ్లల్ల 100 గ్రాముల కొత్త చింతపండు నానబెట్టి పిసికి వడగట్టాలె. 300 గ్రాముల కొత్త బెల్లం కరగనియ్యాలె. సన్నగ తరిగిన ఒక పచ్చి మామిడికాయ, నాలుగు చెంచాల పుట్నాల పొడి, కొన్ని కొబ్బరి ముక్కలు, చిటికెడు ఉప్పు, చిటికెడు కారం వెయ్యాలె. వేపపువ్వు రెండు చెంచాలు, కాడలు తీసేసి రెక్కలు మాత్రమే. పువ్వు చివర్లో వేస్తే చేదు హద్దులో ఉంటది. మట్టికుండ చెమర్చి చల్లబరుస్తది, ఐస్ అక్కర లేదు. మిగిలింది మాత్రం రాత్రికి ఉంచొద్దు. మా ఎండలకు పులిసిపోతది, కాక ఉన్న ఇంట్లో అది అసలే పనికిరాదు.

ఆ సాయంత్రం సోడాతో పానకం చేసినం. లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం, అర చెంచా శొంఠి, పావు చెంచా మిరియాల పొడి, రెండు యాలకులు, ఒక నిమ్మకాయ. గ్లాసులో మూడొంతులు పోసి, నలిపిన పుదీనా వేసి, పైన సోడా. శ్రీరామనవమికి కూడా ఇదే చేస్తున్నం, సోడా లేకుండ.

మొదటి గ్లాసు కాకకు ఇచ్చినం. ముక్కు దగ్గర పెట్టుకున్నడు. "ఏం కలిపిన్రు?" అన్నడు. వరుసగ చెప్పినం. "సోడా సీసా చూపియ్" అన్నడు. మేము నవ్వలే. సీసా తెచ్చి చేతికిచ్చినం. తిప్పి తిప్పి చూసి, అప్పుడు తాగిండు.

మీ ఇంట్లో కూడా అసొంటి మనిషి ఉంటే, గ్లాసులు లోపల నింపి తేకండి. అందరి ముందర కలపండి.