ఒకే సంగీతం, ఎన్నో నడకలు

పిల్లలూ! కండక్టరు అనగానే మీకు బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి గుర్తుకు వస్తాడు. నేను ఇప్పుడు చెప్పబోయే కండక్టరు వేరు. ఈయన టిక్కెట్లు కొట్టడు, ఈల వెయ్యడు. చేతిలో ఒక సన్నని పుల్ల పట్టుకుని, ఎనభై తొంభై మంది వాద్యగాళ్ళ ఎదుట నిలబడతాడు. ఏ వాద్యమూ వాయించడు. ఐనా రికార్డు అట్టమీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. చప్పుడు చెయ్యని మనిషికి అంత గౌరవం దేనికి?

ఈ సంగతి తెలియాలంటే ఒక ఉదాహరణ తీసుకోవాలి. జర్మనీలోని బాన్ పట్టణంలో 1770లో పుట్టి, వియన్నా నగరంలో స్థిరపడిన బీథోవెన్ అనే సంగీత రచయిత తొమ్మిది సింఫనీలు రచించాడు. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన దీర్ఘమైన రచన. వాటిలో ఐదవది 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించారు. దాని ప్రారంభం నాలుగే స్వరాలు: మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. ఛందస్సు చదువుకున్నవాళ్ళు మూడు లఘువులూ ఒక గురువూ అనుకోవచ్చు.

ఈ సింఫనీని కార్లోస్ క్లైబర్ అనే కండక్టరు 1974లో వియన్నా బృందం చేత వాయింపించి రికార్డు చేశాడు. మొదటి భాగం ఏడు నిమిషాల పై చిల్లర పట్టింది. అంతకు ముందు 1959లో ఒట్టో క్లెంపరర్ అనే ఆయన లండనులో అదే భాగాన్ని రికార్డు చేస్తే దాదాపు తొమ్మిది నిమిషాలు పట్టింది. ఇద్దరి ముందూ ఉన్నవి అవే స్వరాలు. ఐనా క్లైబర్ రికార్డు వింటే ఎవరో వెనక నుంచి తరుముకొస్తున్నట్టు ఉంటుంది. క్లెంపరర్ రికార్డు వింటే పెద్ద పెద్ద రాతి దూలాలను ఒకదానిమీద ఒకటి పేర్చి కోట కడుతున్నట్టు ఉంటుంది. ఈ తేడా తెచ్చిందెవరు? పుల్ల పట్టుకుని ఊరికే నిలబడ్డాడనుకున్న ఆ మనిషే!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జీతంలో కొంత మిగిల్చుకుని, ఒకసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఈ సింఫనీ క్యాసెట్టు కొనబోయాను. దుకాణంలో ఇద్దరు కండక్టర్లవి రెండు క్యాసెట్లున్నాయి. నా దగ్గిర ఒకదానికే డబ్బున్నది. “రెండూ ఒకటే మాస్టారూ, ఏది తీసుకున్నా పరవాలేదు,” అన్నాడు దుకాణదారు. తరవాత చాలా ఏళ్ళకు గాని రెండోది వినే అవకాశం నాకు రాలేదు. రెండూ ఒకటి కానే కావు. మీకు ఇవాళ ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో ఒకే సింఫనీ పాతిక మంది చేతుల్లో దొరుకుతుంది. అందుచేత మీ ఇబ్బంది వేరు: అన్నింటిలో దేన్ని ఎంచుకోవాలి? అసలు వాటిలో సరైన వేగం ఏది?

“రాసినవాడు చెప్పిందే సరైనది,” అని మీరు వెంటనే అనవచ్చు. బీథోవెన్ చెప్పాడు కూడాను. ఆ కథ విచిత్రమైనది.

ఆ రోజుల్లో మేల్జెల్ అనే యంత్రనిపుణుడు ఉండేవాడు. చెవుడు ముదురుతున్న బీథోవెన్‌కు వినికిడి గొట్టాలు తయారు చేసి ఇచ్చినవాడు ఈయనే. 1815లో ఈయన మెట్రొనోము అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆమ్‌స్టర్‌డాములో వింకెల్ అనే ఆయన అంతకు ముందే తయారు చేసిన లోలకం దీనికి ఆధారం. మెట్రొనోములో నిలువుగా ఒక కడ్డీ, దానిమీద జరిపే చిన్న బరువు ఉంటాయి. బరువును పైకి జరిపితే కడ్డీ నెమ్మదిగా ఊగుతుంది, కిందికి జరిపితే త్వరగా ఊగుతుంది. ఊగినప్పుడల్లా టక్కుమంటుంది. 60 అనే అంకె దగ్గిర పెడితే నిమిషానికి 60 సార్లు, అంటే సెకనుకు ఒకసారి చప్పుడవుతుంది.

అంతకు పూర్వం వేగాన్ని మాటల్లో మాత్రమే రాసేవారు. ఇటలీ భాషలో “అడాజియో” అంటే నెమ్మదిగా, “అల్లెగ్రో” అంటే చురుకుగా. కాని ఎంత నెమ్మది? ఎంత చురుకు? ఎవరి ఇష్టం వారిది. అందుకే బీథోవెన్ 1817లో, అప్పటికి తాను రాసిన ఎనిమిది సింఫనీలకూ మెట్రొనోము అంకెలు ప్రకటించాడు. తన సంగీతం తన చెవికే అందకుండా పోతున్నది. ముందుండి బృందాన్ని నడిపే శక్తి పోతున్నది. 1824లో తొమ్మిదవ సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు ఆయన వేదికమీద నిలబడ్డాడే గాని, బృందాన్ని నిజంగా నడిపించినవాడు ఉమ్లౌఫ్ అనే మరొక కండక్టరు. అటువంటి మనిషి తన తరవాతివాళ్ళకు వేగాన్ని గురించి పంపిన కబురు ఆ అంకెలు. వాటిని తేలికగా కొట్టిపారెయ్యటం న్యాయం కాదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఐదవ సింఫనీ మొదటి భాగానికి బీథోవెన్ ఇచ్చిన అంకె 108. సంగీతాన్ని కాగితంమీద నిలువు గీతలతో చిన్న చిన్న గడులుగా విభజించి రాస్తారు. ఈ భాగంలో నిమిషానికి 108 గడులు నడవాలన్నమాట. మొత్తం 502 గడులున్నాయి. మొదటి 124 గడులను రెండోసారి వాయించమని రచయిత గుర్తు పెట్టాడు. 502, 124 కలిపితే 626. దాన్ని 108తో భాగిస్తే సుమారు 5 నిమిషాల 48 సెకనులు వస్తుంది. మధ్య మధ్య స్వరాన్ని పొడిగించి ఆపవలసిన చోట్లున్నాయి గనక మరికొన్ని సెకనులు కలపండి. క్లైబర్‌కు ఏడు నిమిషాల పైన పట్టిందని చెప్పానుగా? మనకు తరుముకొస్తున్నట్టు తోచిన రికార్డు కూడా బీథోవెన్ కోరిన దానికన్నా నెమ్మదే!

ఈ 108 ఎంత వేగమో తెలుసుకోవటానికి మెట్రొనోము కొననక్కరలేదు. దారానికి చిన్న రాయి కట్టి మేకుకు వేలాడదీయండి. మేకు నుంచి రాయి నడిమికి 31 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. దాన్ని కొద్దిగా పక్కకు లాగి వదలండి. ఈ చివర నుంచి ఆ చివరకు పోవటం ఒక ఊపు. అటువంటివి నిమిషానికి సుమారు 108 వస్తాయి. దారం 56 సెంటీమీటర్లు చేస్తే 80 వస్తాయి. 99 సెంటీమీటర్లు చేస్తే సరిగా 60 వస్తాయి. రాయి బరువు మార్చి చూడండి, లెక్క మారదు. వేగం దారం పొడుగును బట్టే ఉంటుంది. ఇక 31 సెంటీమీటర్ల లోలకం ఎదుట కూర్చుని సింఫనీ ప్రారంభాన్ని నోటితో అనండి. మూడు పొట్టి స్వరాలూ ఒక్క ఊపులో ఇమడాలి. ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

ఇంత వేగం సాధ్యం కాదనీ, బీథోవెన్ మెట్రొనోము చెడిపోయి ఉంటుందనీ చాలామంది అన్నారు. 2020లో స్పెయిన్ దేశపు పరిశోధకులు ఇద్దరు, 36 మంది కండక్టర్ల రికార్డులను కంప్యూటరు సాయంతో కొలిచి, మరొక ఊహ చెప్పారు. కడ్డీమీది బరువుకు పై అంచు దగ్గిర ఉన్న అంకె చదవాలి. బీథోవెన్ కింది అంచు దగ్గిర అంకె చదివి ఉండవచ్చుననీ, అందువల్ల ఆయన రాసిన అంకె అనుకున్న దానికన్నా పెద్దదై ఉండవచ్చుననీ వాళ్ళ వాదం. తొమ్మిదవ సింఫనీ వ్రాతప్రతిమీద బీథోవెన్ “108 లేక 120” అని సందేహంగా రాసుకున్నాడు. ఆ తేడా ఈ ఊహకు సరిపోతుందని వాళ్ళన్నారు. అందరూ దీన్ని ఒప్పుకోలేదు.

ఒప్పుకోనివారిలో అంకెలను ఉన్నవి ఉన్నట్టు పాటించి చూపినవాళ్ళు ఉన్నారు. రోజర్ నారింగ్టన్ అనే ఆంగ్లేయుడు బీథోవెన్ కాలపు వాద్యాల వంటివి, చిన్న బృందాన్ని తీసుకుని 1987లో తొమ్మిదవ సింఫనీ రికార్డు చేశాడు. అందులో నెమ్మదిగా సాగే మూడవ భాగం సుమారు 11 నిమిషాలలో ముగిసింది. అదే భాగానికి 1951లో, జర్మనీలోని బైరాయిట్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నడిపిన కచేరీలో 19 నిమిషాల పైన పట్టింది! యుద్ధం తరవాత అక్కడి సంగీతోత్సవం మళ్ళీ ప్రారంభమైన సందర్భం అది. ఫుర్ట్‌వెంగ్లర్ వింటే కాలం నిలిచిపోయినట్టుంటుంది. నారింగ్టన్ వింటే అదే సంగీతం హాయిగా పాడుకునే పాటలాగా ఉంటుంది.

మరి ఎవరిది ఒప్పు? దీనికి బీథోవెనే ఒక దారి చూపాడు. తన పాట ఒకదాని వ్రాతప్రతిమీద మెట్రొనోము అంకె వేసి, అది మొదటి గడులకే వర్తిస్తుందనీ, భావానికి కూడా దాని వేగం దానికి ఉంటుందనీ ఆయన రాసుకున్నాడు. అంటే అంకె బయలుదేరే చోటు చెబుతుంది. ఆ తరవాత అర్థం తెలిసి నడవాలి.

తరగతిలో పద్యం చదివించేటప్పుడు నేను ఇదే గమనించేవాణ్ణి. ఒకడు రైలుబండిలాగా చదివినా ప్రతి మాటా తెలిసేది. ఒకడు ఎంతో నెమ్మదిగా చదివినా ఒక్క ముక్కా బోధపడేది కాదు. త్వరగా చదివాడా, నెమ్మదిగా చదివాడా అని గాక, తెలిసి చదివాడా లేదా అని చూసి మార్కులు వేసేవాణ్ణి.

మన సంగీతంలోనూ ఈ ప్రశ్న ఉన్నది. త్యాగరాజు 1767 నుంచి 1847 వరకు జీవించాడు, అంటే బీథోవెన్ కాలంవాడే. ఆయన కృతులకు మెట్రొనోము అంకెలు లేవు. శిష్యుల గొంతుల ద్వారా వచ్చాయి. ఎత్తుకున్న కాలప్రమాణం చివరిదాకా చెదరకూడదని మనవాళ్ళ నియమం. ఫుర్ట్‌వెంగ్లర్ వంటి కండక్టర్లు మాత్రం ఒకే భాగంలో వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతారు. అందుచేత మనవాళ్ళు మొదటిసారి వింటే తాళం తప్పుతున్నారేమో అనిపిస్తుంది. అది ఆ సంగీతపు పద్ధతి.

ఇక రికార్డు ఎంచుకోవటానికి కొన్ని సూత్రాలు చెబుతాను. అట్టమీది నిమిషాలు చూసి ఇది వేగం, ఇది నెమ్మది అని తేల్చకండి. కొందరు కండక్టర్లు తిరిగి వాయించవలసిన గడులను వదిలేస్తారు. వాళ్ళ రికార్డు నెమ్మదిగా నడిచినా తక్కువ నిమిషాలలో అయిపోతుంది. బృందం పెద్దదా చిన్నదా, హాలు ప్రతిధ్వని ఇచ్చేదా కాదా అని చూడండి. ప్రతిధ్వని ఎక్కువ ఉన్న చోట త్వరగా వాయిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మూడవది, ఒక రికార్డు విన్న రోజునే రెండోదాన్ని తీసిపారెయ్యకండి. మొదట విన్న వేగం చెవికి అలవాటై, మిగతావన్నీ తప్పుగా తోస్తాయి. రెండు మూడు రోజుల తరవాత మళ్ళీ వినండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పేరు చూసి మెచ్చుకోకండి. నాకు అరవై దాటాయి. సన్నని స్వరాలు ఈ మధ్య నా చెవికి సరిగా అందటం లేదు. వయొలిన్లు పైస్థాయికి వెళ్ళినప్పుడు నేను విన్నదెంతో, జ్ఞాపకంలోంచి పూరించుకున్నదెంతో చెప్పలేను. మీ చెవులకు అన్నీ వినిపిస్తాయి. అటువంటి చెవులు పెట్టుకుని, “ఫలానా పెద్దాయన గొప్ప అన్నాడు గనక గొప్పదే,” అనుకుంటే ఆ చెవులు ఎందుకు? నేను మెచ్చుకున్నానని కూడా మీరు మెచ్చుకోవద్దు.

ఈ సెలవులలో ఒక పని చెయ్యండి. ఐదవ సింఫనీ మొదటి భాగాన్ని ముగ్గురు కండక్టర్లు నడిపినవి ఇంట్లో ఎవరినైనా పెట్టమనండి. పేర్లు మీకు చెప్పవద్దనండి. ఒక్కొక్కటీ విన్నాక, మీకు ఏమి తోచిందో కాగితంమీద రెండేసి వాక్యాలు రాసుకోండి. ఏది నచ్చిందో, ఎక్కడ నచ్చిందో రాయండి. ఆ తరవాతే పేర్లు అడగండి. పేర్లు తెలిసినాక, రాసింది మాత్రం కొట్టెయ్యవద్దు.