ఆపా పెండ్లి కాసెట్టు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని విద్యార్థి సంపాదకులు అడిగినప్పుడు, గణితం బోధించేవాని వద్ద సాహిత్యం ఏముంటుందని మొదట తప్పించుకోజూశాను. అయితే ఒక సంఖ్య నన్ను చాలాకాలంగా వదలకుండా ఉన్నది. అది 417. దాని కథ చెబుతాను. ఇందులో కొంత యంత్రాల గొడవ తప్పదు. సాహిత్యాభిలాషులు, ముఖ్యంగా ఉర్దూ శాఖ మిత్రులు, కాస్త ఓపిక పట్టవలసినదిగా మనవి.

మా ఆపా వివాహం 1991లో కర్నూలు పాతబస్తీలో, మా ఇంటి ముందు వేసిన పందిట్లో జరిగింది. వీడియో తీయించడం ఆ రోజుల్లో మావంటి కుటుంబాలకు అందని ముచ్చట. అబ్బా వద్దన్నా వినక మామూ ఆ ఖర్చు తాను పెట్టుకున్నాడు. గంటసేపటి ఆ కాసెట్టు ఆపాతోపాటు ఆదోనికి అత్తవారింటికి వెళ్లింది. అలా వెళ్లడమే మా అదృష్టమైనది. అమ్మీ 2003లో కన్నుమూసింది. ఆరేండ్ల తరువాత, 2009 అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీదికి వచ్చినప్పుడు మా ఇల్లు నిలువునా మునిగింది. నీరు తీసిన తరువాత ఇనుప పెట్టెలోని ఆల్బములు తెరిచి చూస్తే, పుటలన్నీ ఒకదానికొకటి అంటుకొని బురదముద్దలై ఉన్నాయి. అమ్మీ ముఖం తెలిసే ఛాయాచిత్రం ఒక్కటైనా మిగలలేదు. ఆమె రూపం, ఆమె స్వరం ఆ ఒక్క కాసెట్టులోనే నిలిచాయి.

2016లో ఆపా కండ్లకు నీటికాసులు అని వైద్యులు తేల్చారు. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నదానిని కాపాడుకోవాలి, అంతే. ఆమె నాకు ఫోను చేసి, "చూపు ఉండగానే అమ్మీని ఒక్కసారి చూపించు భయ్యా" అన్నది. ఉర్దూలో అన్నమాట అది. నేను తెలుగు చేసి వ్రాసినా అందులోని తడి ఇక్కడికి రాలేదు. వారింట్లో వీడియో ప్లేయరు మూలపడి ఎన్నో ఏండ్లయింది. వాటిని ఇంకా తయారుచేస్తున్న ఆఖరి సంస్థ, జపానులోని ఫునాయి, ఆ సంవత్సరం జూలైలోనే తయారీ నిలిపివేసింది. తెలిసినవారి అటక మీదినుండి ఒక ప్లేయరు తెచ్చుకున్నాను. బజారులో బొటనవ్రేలంత క్యాప్చర్ పరికరం దొరికింది. దాని ఒక కొసను ప్లేయరుకు, రెండవ కొసను ఇంటి కంప్యూటరుకు తగిలించి, ఒక ఆదివారం ఉదయం బిస్మిల్లా అన్నాను.

గంట గడిచింది. తెరమీద ఒక మూల చిన్న అక్షరాలలో, జారిపోయిన ఫ్రేములు 417 అని చూపించింది.

మన దేశపు వీడియోలో సెకనుకు 25 చిత్రాలు. గంటకు 90,000. అందులో 417 అంటే నూటికి అర కూడా కాదు. తొంభై తొమ్మిదిన్నర మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి మనం చప్పట్లు కొడతాం గదా అని సంతృప్తిపడి, మొదటినుండి చూడసాగాను. ఆరంభంలో అంతా బాగున్నది. పోనుపోను పెదవులు ముందు కదలడం, మాట వెనుక వినిపించడం మొదలైంది, మెరుపు తరువాత ఉరుము వచ్చినట్లు. చిత్రాలు జారిపోతున్నాయి గాని శబ్దం జారడం లేదు. 417ను 25తో భాగిస్తే పదహారున్నర సెకన్లకు పైమాట. కాసెట్టు చివరికి వచ్చేసరికి ఆ దూరమంతా పోగుపడింది.

ఆ చివరనే రుఖ్సతీ ఉన్నది. ఆపాను కారులో కూర్చోబెట్టేముందు అమ్మీ పక్కింటి తెలుగావిడ చేయి పట్టుకొని ఏదో అంటుంది. ఆ క్షణంలో పెదవులు మాత్రమే కదిలాయి. కారు కదిలింది, జనం విడిపోయారు. ఖాళీ పందిరి, బోర్లించిన కుర్చీలు కనిపిస్తుండగా, మనిషి లేనిచోట అమ్మీ గొంతు వినిపించింది: "అక్కా, దీనికి చన్నీళ్లు పడవు. ఆ మాట వాళ్లకు చెప్పడం మరిచాను." నేను కంప్యూటరు ఆపివేసి బయటికి వెళ్లిపోయాను. దీనిని ఆపాకు చూపించలేను అనుకున్నాను.

తప్పు ఎక్కడ? ప్రతి చిత్రానికి కంప్యూటరుకు దొరికే వ్యవధి సెకనులో ఇరవై అయిదవ వంతు, అంటే 40 మిల్లీసెకన్లు. ఏమీ కుదించకుండా తీసుకుంటే ఒక్కొక్క చిత్రం ఎనిమిది లక్షల బైట్లకు పైగా ఉంటుంది. సెకనుకు రెండు కోట్లు దాటుతుంది. గంటకు సుమారు 75 గిగాబైట్లు. ఈ ప్రవాహం ఎక్కడా ఆగదు. ప్లేయరు కంప్యూటరుకోసం నిలవదు. డిస్కు ఒక లిప్త ఆలస్యం చేస్తే వచ్చిన చిత్రాలు కొంతసేపు మెమరీలో వేచి ఉంటాయి. అక్కడ చోటు నిండితే తరువాతి చిత్రం నేలపాలు. ధాన్యం కొలిచేవాడు గోతం మార్చుకునేలోపల ఎద్దులబండి ఆగుతుంది. ఇక్కడ బండి ఆగదు, అంతే తేడా.

మొదట నేను చేసిన తెలివితక్కువ పని, మళ్లీ అదే కాసెట్టును ఆడించబోవడం. ప్లేయరు మూత తీసి చూస్తే తిరిగే డ్రమ్ము అంచున గోధుమరంగు పొడి. టేపుమీది పూత అది. అంటే నేను నడిపిన ప్రతిసారీ అమ్మీ కొంత రాలిపోతున్నది! చేయి వణికింది. ప్రయోగాలకు వేరే కాసెట్టు కావాలని అప్పుడు తోచింది. పాత సామానుల అంగడిలో ఒక సినిమా కాసెట్టు పదిరూపాయలకు కొన్నాను. ఆ సినిమాను, అందులోనూ మొదటి గంటను, పన్నెండుసార్లు చూడవలసివచ్చింది. శత్రువుకు కూడా వద్దు.

ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలనేది ప్రయోగశాలలో మనం పిల్లలకు చెప్పే మొదటి పాఠం. ఇంట్లో మనమే పాటించం. నేను పాటించాను. కంప్యూటరు తన పనులన్నీ చేసుకునే డిస్కులోనే వీడియోను కూడా దాస్తున్నాను. దానికి వేరే డిస్కు పెట్టగానే జారేవి నాలుగోవంతుకు పడిపోయాయి. క్యాప్చర్ పరికరం, ప్రింటరు, మరొక డిస్కు మూడింటినీ ఒకే యు.ఎస్.బి. హబ్బుకు తగిలించి ఉన్నాను. ఒకే గుమ్మంలోనుండి ముగ్గురు తోసుకొన్నట్లు అది. పరికరాన్ని నేరుగా కంప్యూటరుకే పెట్టాను. ఇంకా పదకొండు మిగిలాయి. అవి ఎప్పుడు పడితే అప్పుడు, ఒకసారి ఒకచోట, మరొకసారి మరొకచోట జారేవి. వైరసులను వెదికే ప్రోగ్రాము మధ్యమధ్య లేచి డిస్కంతా గాలించడమే కారణమని కనిపెట్టడానికి వారం పట్టింది. దానిని ఆపి, ఇంటర్నెట్టు తీగ కూడా ఊడదీశాను. శబ్దాన్ని కంప్యూటరు వెనుకనున్న వేరే రంధ్రంలోనికి కాక, చిత్రం వచ్చే పరికరంలోనికే మళ్లించాను. రెండు గడియారాలు ఒకే కాలం చూపవుకదా. లెక్క సున్నాకు వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో అందరికీ జిలేబీ తెప్పించానంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

అప్పుడు పెండ్లి కాసెట్టు పెట్టాను. జారినవి 38.

కోపం వచ్చిన మాట నిజం. కాని ఆ 38 రెండేచోట్ల ఉన్నాయి. కొన్ని టేపు మొదట్లో, తక్కినవన్నీ రుఖ్సతీ వద్ద. కంప్యూటరు తప్పు ఒకచోట నిలవదని ఆ పదకొండు నాకు నేర్పాయి. ఒకేచోట పోతున్నదంటే దోషం టేపులోనే ఉన్నది. ప్రతి చిత్రానికి ముందు, ఇది మొదలు అని చెప్పే ఒక సంకేతం టేపులో ఉంటుంది. పూత రాలినచోట ఆ సంకేతం చెదిరిపోతుంది. పరికరం దానికోసం చూసి, కానరాక చిత్రాన్ని వదిలివేస్తుంది.

గంట టేపులో సరిగా అక్కడే ఎందుకు రాలింది? జవాబు నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అమ్మీ పోయిన తరువాత ఆపా ఇంట్లో మేమందరం ఎన్నిసార్లు కూర్చొని ఆ దృశ్యం చూశామో, చూసి, సరిగా ఆమె ముఖం వద్ద ఎన్నిసార్లు ఆపి ఉంచామో! ఆపినప్పుడు కదలనిది టేపు మాత్రమే. డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ ఆ కాస్త చోటునే గీరుతూ ఉంటుంది. వరద తాకని కాసెట్టును మేమే అరగదీశాము.

సంకేతాలను సరిచేసే ప్రత్యేక యంత్రాలున్నాయి గాని వాటి ధర నాకు అందేది కాదు. ఫోటో స్టూడియో నడుపుతున్న మన పూర్వవిద్యార్థి ఒకరు, తన వద్దనున్న పాత డి.వి.డి. రికార్డరును మధ్యలో పెట్టి చూడమన్నారు. వచ్చిన చిత్రాన్ని తన మెమరీలోనికి తీసుకొని, కొత్త సంకేతాలు జోడించి అవతలికి పంపే గుణం కొన్ని రికార్డర్లకు ఉన్నదట. మూడవసారి, ఇదే చివరిసారి అని ఒట్టు పెట్టుకొని, కాసెట్టు నడిపించాను. ఒక్క ఫ్రేమూ జారలేదు. రుఖ్సతీ వద్ద బొమ్మ పైభాగం వంగింది, తెల్లని గీతలు అడ్డంగా పారాయి. అమ్మీ నుదురు సరిగా కనబడదు. మాట మాత్రం చెక్కుచెదరలేదు. శబ్దం టేపు అంచున వేరే గీతగా ఉంటుంది, దానిని చదివేది కదలని హెడ్డు. మేము బొమ్మను ఆపినప్పుడల్లా అది ఏమీ గీరలేదు. పెదవులూ గొంతూ మళ్లీ కలిశాయి.

ఆదోనికి తీసుకువెళ్లాను. ఆపా తెరకు మూరెడు దూరంలో, కొంచెం తల త్రిప్పి, తనకు చూపు మిగిలినవైపునుండి చూసింది. తనను కారెక్కించే ఘట్టం వచ్చింది. ఆపమన్నది. నా వ్రేలు అలవాటుగా వెనుకాడింది. ఇక అరిగేది ఏమీ లేదని గుర్తు తెచ్చుకొని ఆపాను. చాలాసేపు చూసింది. మళ్లీ నడపమన్నది. "అక్కా, దీనికి చన్నీళ్లు పడవు" అని అమ్మీ అన్నది.

ఆపా కొంగుతో కండ్లు తుడుచుకొని, "వీళ్లకెవరికీ ఆ సంగతి ఈనాటికీ తెలియదు. రోజూ నీళ్లు నేనే కాచుకుంటాను" అన్నది. లోపలినుండి బావగారు, ఏమిటి మాట్లాడుకుంటున్నారని అడిగారు.