మింగేది కాదు, పీల్చేది

కోస్తాలో ఓ బోధనాసుపత్రి. మందుల కిటికీ ముందు క్యూ మెట్ల దాకా సాగింది. నేను వెళ్లింది దాని పక్కనున్న చిన్న బల్ల దగ్గరికి.

"తాతగారూ, ఈ మందు ఎలా వాడుతున్నారు?" బల్ల వెనక తెల్లకోటు అమ్మాయి అడిగింది.

పెద్దాయన చొక్కా జేబులోంచి గొట్టం మాత్రల డబ్బా తీశారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతున్నా కదమ్మా. ఆయాసం మాత్రం తగ్గలా."

అవి రోటాక్యాప్‌లు. లోపలి పొడిని పీల్చాలి. చీటీలో 'రోజుకు 2' అని సరిగ్గానే రాశారు. పీల్చే పరికరమూ ఇచ్చారు, అది ఇంట్లో గూట్లో ఉంది!

ఆ అమ్మాయి ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఇంటర్న్. కసరలేదు. ఖాళీ మాత్రను నమూనా పరికరంలో పెట్టి తిప్పింది. టక్‌మని చప్పుడు. "ముందు గాలంతా బయటికి వదలండి. ఇప్పుడు పెదాలు బిగించి గట్టిగా పీల్చండి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి." మొదటిసారి ఆయన పిల్లనగ్రోవిలా ఊదేశారు. మూడోసారికి కుదిరింది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమంది. అందులో స్టెరాయిడ్ ఉంది, పుక్కిలించకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. గడియారం చూశాను, తొమ్మిది నిమిషాలు. ఆ కిటికీ దగ్గర ఎవరికీ అంత తీరిక ఉండదు.

తర్వాతి కుర్చీలో ఇన్సులిన్ వాడే ఆవిడ. 40 రకం (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) సీసాకు ఎర్రమూత సిరంజి వాడాలి. ఆవిడ తెచ్చుకున్నది నారింజ మూతది, 100 రకం. దాంతో 20 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే.

ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. రోగికి మందు వాడకం వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. అయినా చీటీలో తేడా కనిపిస్తే ఈ అమ్మాయి దాన్ని మార్చలేదు, డాక్టరు గదికి పరుగెత్తాలి. ఇంగ్లండులో 2024 జనవరి నుంచి గొంతునొప్పి, చెవిపోటు లాంటి ఏడు జబ్బులకు ఫార్మసిస్టే పరీక్షించి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం మన వీధి చివరి మందుల షాపుకు కొత్తేం కాదు, చట్టం ఒప్పుకోకపోయినా. పరీక్షించడమే అక్కడ లేనిది.

వెళ్లిపోయిన పెద్దాయన గేటు దాకా పోయి వెనక్కొచ్చారు.

"అమ్మా, పీల్చాక ఆ తొక్క మింగాలా?"

"వద్దు తాతగారూ, పారేయండి."